ఆవిడ మర్చిపోవట్లేదేమో, ఒకసారి కుండీలు చూడండి

"నా భార్యకు ఐదో నెల. ఐరన్, కాల్షియం మాత్రలు రోజూ మర్చిపోతోంది. గుర్తుచేసే మంచి యాప్ ఏదైనా ఉందా?" అని అడిగారు.

యాప్ సంగతి నాకు తెలీదు కానీ అలారం సంగతి బాగా తెలుసు. నా మొదటి కాన్పప్పుడు మావారు రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో అలారం పెట్టారు. అది మోగేది, నేను వంటింట్లోంచి "వేసుకున్నా" అని కేకేసేదాన్ని, ఆయన నిశ్చింతగా క్రికెట్ చూసుకునేవారు. ఏడో నెలలో అత్తయ్య మల్లె కుండీలో మట్టి గుల్ల చేస్తుంటే ఎర్ర మాత్రలు బయటపడ్డాయి. రంగు కారిపోయినవి కొన్ని, నిన్న మొన్న వేసినవి కొన్ని.

తిడతారనుకున్నా. చేతులు కడుక్కొచ్చి, పక్కన కూర్చుని, "ఎందుకు పారేశావమ్మా?" అన్నారు. అన్ని నెలల్లో ఆ మాట అడిగింది ఆవిడొక్కరే. వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, విరేచనం నల్లగా వస్తుంటే భయమేసిందని చెప్పేశాను. చీటీ మీద గీకిచ్చినవాళ్ళు ఈ ముక్క ముందే చెప్తే వాళ్ళ సొమ్మేం పోయేది?

మా వీధి ఆశా కార్యకర్త వచ్చి, నలుపు ఐరన్ వల్లేనని, కంగారు పడొద్దని చెప్పింది. పైగా నేను కాల్షియం, ఐరన్ కలిపి ఒకే గుక్కలో మింగేదాన్ని. అలా వేస్తే ఐరన్ ఒంటికి సరిగా పట్టదట, రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలట. అప్పట్నుంచి కాల్షియం రెండు పూటలా తిండితో, ఐరన్ రాత్రి పడుకోబోయే ముందు నిమ్మరసంతో. తిప్పడం తగ్గింది. మీ ఆవిడకి తగ్గకపోతే డాక్టర్ని అడగండి, అంతేగానీ మానేయనివ్వకండి.

అన్నం తినగానే టీ తాగే అలవాటు కూడా మాన్పించండి. టీ కూడా ఐరన్‌ని పట్టనివ్వదు. మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నన్నడిగితే అందులో కొంత పాపం టీది కూడా.

ఇక గుర్తుండటమంటారా, ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి 180 రోజులు, రోజుకొకటి. అత్తయ్య పాల ప్యాకెట్ల లెక్క రాసే గోడ క్యాలెండర్‌లోనే, ఆ గళ్ళలోనే, నా మాత్రకీ ఓ టిక్కు పెట్టేవారు. మావారి పని మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, నేను మింగేదాకా అక్కడే నిలబడటం. క్రికెట్ ఉన్నా సరే.