పైథాన్‌లో తేదీ, సమయం మార్చేటప్పుడు 5:30 కలిపేస్తే సరిపోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. సీఎస్‌వీ ఫైల్లో "05/04/2024 05:12 ఏఎం" లాంటి సమయాలు పాఠంగా (టెక్స్ట్‌గా) ఉన్నాయి. పైథాన్‌లో వాటిని డేట్‌టైమ్‌గా (తేదీ, సమయం కలిపి ఉంచే పైథాన్ రకంగా) మార్చి డేటాబేస్‌లో పెడుతున్నారు. మీ ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది. సర్వర్ మీద మాత్రం కొన్ని సమయాలు అయిదున్నర గంటలు తేడాగా వస్తున్నాయి, కొన్ని వరుసల్లో తేదీ, నెల తారుమారయ్యాయి. అన్నిటికీ టైమ్‌డెల్టాతో 5 గంటల 30 నిమిషాలు కలిపేస్తే పోతుందా అని మీ సందేహం.

కలపకండి. నేను ఒకసారి సరిగ్గా ఆ పనే చేశాను. దానివల్ల ఇంకొకరి డబ్బు లెక్క తప్పింది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

చిత్తూరు వైపు ఒక పాల సేకరణ సంస్థకు బిల్లుల ప్రోగ్రామ్ రాశాను. ఊళ్లో పాల కేంద్రం పొద్దున అయిదుకే తెరుస్తారు. పాలు పోయగానే కొలత, వెన్న శాతం చూసి చీటీ ఇస్తారు, అదే వివరం సర్వర్‌కూ వెళ్తుంది. డబ్బులు పదిహేను రోజులకోసారి. కేంద్రంలోని యంత్రం సమయాన్ని యూనిక్స్ టైమ్‌స్టాంప్‌గా పంపేది, అంటే 1970 జనవరి 1 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకన్నా అయిదున్నర గంటలు వెనక) అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు. నేను ఆ సంఖ్యను డేట్‌టైమ్.ఫ్రమ్‌టైమ్‌స్టాంప్‌కు ఇచ్చి, వచ్చినదాని మీద డేట్() పిలిచి బిల్లు తేదీ తీసుకునేవాణ్ణి. నా ల్యాప్‌టాప్‌లో ఎన్నడూ తేడా రాలేదు.

తర్వాత ప్రోగ్రామ్‌ను అద్దె సర్వర్ మీదికి మార్చాం. ఆ తర్వాతి బిల్లుకే ఒక పెద్దామె చీటీలన్నీ దారంతో కట్టి పట్టుకొచ్చింది. "పదారో తేదీ పొద్దున పోసిన పాలు బిల్లులో లేవు నాయనా, చీటీ ఉండాది చూడు" అంది. చీటీ మీద 5:12 అని స్పష్టంగా ఉంది. డేటాబేస్‌లో ఆ పూట లేదు.

వెతికితే తేలింది ఇదీ. ఫ్రమ్‌టైమ్‌స్టాంప్‌కు టైమ్‌జోన్ చెప్పకపోతే ఆ ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్‌లో నడుస్తుందో దాని టైమ్‌జోన్‌నే తీసుకుంటుంది. నా ల్యాప్‌టాప్‌ది భారత సమయం, సర్వర్‌ది యూటీసీ. మనకు 16వ తేదీ పొద్దున 5:12 అంటే యూటీసీలో ఇంకా 15వ తేదీ రాత్రి 23:42. ఆమె ముందురోజు, 15న, కాస్త ఆలస్యంగా 5:40కి వచ్చింది. అది యూటీసీలో 15వ తేదీ 00:10. పూట చీటీ ప్రకారమే, తేదీ ఒక్కటే యూటీసీది. అంటే రెండు పొద్దుల పాలూ సర్వర్ లెక్కలో "15వ తేదీ, ఉదయం పూట" అయిపోయాయి. ఊళ్లో నెట్‌వర్క్ తెగితే యంత్రం అదే చీటీని మళ్లీ పంపుతుంది కాబట్టి, ఒకే సభ్యుడికి ఒకే తేదీ ఒకే పూట రెండోసారి వస్తే వదిలేయమని నేనే రాశాను. ఆమె 16వ తేదీ పాలు అలా పోయాయి.

ఇంత తప్పు ఎవరికీ ఎందుకు కనపడలేదు? మేం పరీక్షలన్నీ పగలు పది దాటాకే చేశాం. పొద్దున అయిదున్నర దాటిందంటే మన తేదీ, యూటీసీ తేదీ ఒకటే. రోజూ అయిదున్నరలోపే వచ్చేవాళ్లకు అన్ని ఉదయాలూ ఒక్కో రోజు వెనక్కి జరిగాయి, పూటల సంఖ్య మాత్రం తగ్గలేదు, అందుకని వాళ్లూ గమనించలేదు. ఒకరోజు అయిదున్నరకు ముందు, ఒకరోజు తర్వాత వచ్చేవాళ్లకే పూట ఎగిరిపోయింది. అలాంటివాళ్లు ఎక్కువగా ఒంటరిగా గొడ్లను చూసుకునేవాళ్లు, ఇంట్లో పని తెమిలితేనే గాని కేంద్రానికి రాలేనివాళ్లు. ఆ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

అప్పుడు కంగారులో నేను చేసిన సవరణ మీరు అడుగుతున్నదే, 5:30 కలపడం. సర్వర్ మీద ఉదయం పూటలు వెంటనే కుదురుకున్నాయి. కానీ బిల్లులు అచ్చువేసే పని ఆఫీసు కంప్యూటర్‌లో జరిగేది, అదే కోడ్‌తో. ఆ కంప్యూటర్ అప్పటికే భారత సమయంలో ఉంది. అక్కడ మళ్లీ 5:30 కలిసేసరికి సాయంత్రం 6:30 తర్వాత పోసిన పాలన్నీ మర్నాటికి దాటిపోయాయి. ఒకే వరుస కోడ్ ఒక యంత్రం మీద ఒప్పు, పక్క యంత్రం మీద తప్పు. వచ్చిన టైమ్‌స్టాంప్‌లన్నీ ఎలా వచ్చినవి అలా విడిగా దాచి ఉంచడం వల్ల అన్నీ మళ్లీ లెక్కగట్టి, తర్వాతి బిల్లులో బకాయిలు ఇప్పించగలిగాం. అవి దాచకపోయి ఉంటే చీటీ పోగొట్టుకున్నవాళ్లకు ఏ ఆధారమూ ఉండేది కాదు. మీరు కూడా ఫైల్లో వచ్చిన అసలు పాఠాన్ని ఒక నిలువు వరుసలో అలాగే ఉంచండి. చోటు పెద్దగా పట్టదు.

ఇక మీ కోడ్ సంగతి. "05:12" అనేది ఒక గడియారం చూపించిన అంకె మాత్రమే. అది ఎక్కడి గడియారమో తెలిస్తేనే ఫలానా క్షణం అని చెప్పగలం. పైథాన్ ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది: టీజెడ్‌ఇన్ఫో, అంటే టైమ్‌జోన్ వివరం, లేని డేట్‌టైమ్‌ను నైవ్ అంటుంది, ఉన్నదాన్ని అవేర్ అంటుంది. స్ట్ర్‌పీటైమ్‌తో మీరు పాఠాన్ని చదివినప్పుడు వచ్చేది నైవ్. దాన్ని అలాగే డేటాబేస్‌కు అప్పగిస్తే, టైమ్‌జోన్ ఏమిటో మధ్యలో ఎవరో ఒకరు ఊహిస్తారు: డ్రైవరో, డేటాబేస్ సెషనో, సర్వరో. మీ అయిదున్నర గంటలు అక్కడే పోతున్నాయి.

కాబట్టి చదివిన మరుక్షణమే, వేరే ఏ పనీ చేయకముందే, రిప్లేస్‌తో టీజెడ్‌ఇన్ఫోగా జోన్‌ఇన్ఫో("ఏసియా/కోల్‌కతా") తగిలించండి. ఇది అంకెను కదపదు, ఇది మన గడియారం అని చీటీ అంటిస్తుంది, అంతే. తర్వాత ఆస్‌టైమ్‌జోన్‌తో యూటీసీలోకి మార్చి భద్రపరచండి. ఇక్కడ అంకె మారుతుంది, క్షణం మారదు. ఈ రెండు పనుల తేడా ఒక్కటి పట్టుబడితే మిగతావన్నీ తేలికే. చాలామంది యూటీసీలో ఉన్నదానికి రిప్లేస్‌తో కోల్‌కతా అంటించి, మారింది అనుకుంటారు. అది మార్పిడి కాదు, చిరునామా తప్పు రాయడం. టైమ్‌జోన్ లేనిదాని మీద నేరుగా ఆస్‌టైమ్‌జోన్ పిలిస్తే కూడా పైథాన్ ఆ కంప్యూటర్ టైమ్‌జోన్‌నే అనుకుని మారుస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. అది ఎర్రర్ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

చూపించేటప్పుడు, తేదీవారీగా కూడేటప్పుడు ముందు కోల్‌కతాకు మార్చాకే డేట్() తీయండి. ఎస్‌క్యూఎల్‌లో గ్రూప్ బై రాసినా ఇదే నియమం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్‌జోన్ ఉన్న టైమ్‌స్టాంప్ రకం వాడితే అది లోపల యూటీసీగా పెట్టుకుంటుంది, మీ సెషన్ టైమ్‌జోన్‌లో చూపిస్తుంది. సెషన్‌ది యూటీసీ అయితే తేదీ కూడా యూటీసీదే వస్తుంది.

జోన్‌ఇన్ఫో పైథాన్ 3.9 నుంచి భాషలోనే ఉంది. విండోస్‌లో టైమ్‌జోన్ల పట్టిక దొరకలేదని అంటే పిప్‌తో టీజెడ్‌డేటా పెట్టుకోండి. "ఏసియా/హైదరాబాద్" అని రాస్తే దొరకదు, దేశమంతటికీ కోల్‌కతా పేరు మీదే ఉంది. ఐఎస్‌టీ అనే మూడక్షరాలను మాత్రం నమ్మకండి. ఐర్లండ్, ఇజ్రాయెల్ సమయాలకు కూడా అదే పొట్టి పేరు.

పాత కోడ్‌లో పైటీజెడ్ అనే టైమ్‌జోన్ లైబ్రరీ కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. దాని కోల్‌కతాను రిప్లేస్‌లో నేరుగా పెడితే 5:30 బదులు 5:53 వస్తుంది. నాకు మొదటిసారి ఆ 23 నిమిషాల తేడా వచ్చినప్పుడు సగం రోజు యంత్రం గడియారాన్ని అనుమానించాను. నిజానికి అది కలకత్తా పాత స్థానిక సమయం. 1906 జనవరి 1న దేశానికంతటికీ ఒకే సమయం వచ్చినా, కలకత్తా 1948 వరకు తన సమయాన్ని విడిచిపెట్టలేదు. ఆ పాత స్థానిక సమయం కూడా టైమ్‌జోన్ల పట్టికలో ఉంటుంది. పైటీజెడ్‌కు తేదీ చెప్పకుండా జోన్ అడిగితే అందులో అన్నిటికన్నా పాతదాన్ని ఇస్తుంది. దానికి రిప్లేస్ కాదు, లోకలైజ్ వాడాలి. కొత్తగా రాస్తుంటే పైటీజెడ్ జోలికి వెళ్లే అవసరమే లేదు.

అలాగే యూటీసీనౌ వాడుతుంటే మానేయండి. అది యూటీసీ అంకె ఇస్తుంది గాని టైమ్‌జోన్ తగిలించదు. దాని మీద టైమ్‌స్టాంప్() పిలిస్తే మన ల్యాప్‌టాప్‌లో అయిదున్నర గంటలు తప్పుతుంది. పైథాన్ 3.12 నుంచి దాన్ని వాడొద్దనే హెచ్చరిక వస్తోంది. నౌ(టైమ్‌జోన్.యూటీసీ) అని రాయండి.

తేదీ, నెల తారుమారు కావడం వేరే జబ్బు. "05/04/2024" అంటే మనకు ఏప్రిల్ 5, అమెరికా పద్ధతిలో మే 4. పట్టికల కోసం వాడే పాండాస్ లైబ్రరీలోని టు_డేట్‌టైమ్ ఏమీ చెప్పకపోతే నెల ముందు అనుకుంటుంది. 2.0 కన్నా పాత వెర్షన్లలో ఇంకా ప్రమాదం: 05/04ని మే 4గా, 13/04ని మాత్రం ఏప్రిల్ 13గా, ఒకే ఫైల్లో ఆగకుండా మార్చేసేది. 2.0 నుంచి మొదటి విలువను చూసి ఒకే పద్ధతి పట్టుకుంటుంది, కుదరనిది వస్తే ఆపేస్తుంది. డేఫస్ట్ అనే ఆప్షన్ ఉంది గాని అది గట్టి నియమం కాదు. ఫార్మాట్‌ను మీరే రాసివ్వండి. అందులో చిన్న ఎం నెల, పెద్ద ఎం నిమిషాలు. ఏఎం, పీఎం ఉన్న సమయానికి గంట దగ్గర పెద్ద ఐ రాయాలి, పెద్ద హెచ్ కాదు. పెద్ద హెచ్ రాస్తే పక్కన చిన్న పీ (ఏఎం, పీఎం గుర్తు) ఉన్నా పైథాన్ దాన్ని చదివి పక్కన పెడుతుంది, సాయంత్రం 5:40 పొద్దున 5:40 అయిపోతుంది.

ఈ ఫైల్‌ను మధ్యలో ఎవరైనా ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారా? తప్పకుండా కనుక్కోండి. కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే 12వ తేదీలోపువన్నీ తిరగబడతాయి, 13 నుంచి పైవి పాఠంగానే మిగులుతాయి. మీరు చెప్పిన "కొన్ని వరుసల్లో మాత్రమే" అన్న మాట చూస్తే నా అనుమానం దీని మీదే. అదే నిజమైతే కోడ్‌తో ఊహించి సరిచేయకండి, ఎక్సెల్ తాకని అసలు ఫైల్ అడిగి తెచ్చుకోండి. కొన్ని గళ్లలో 45387.2167 లాంటి సంఖ్యలు కనిపిస్తే అది ఎక్సెల్ రోజుల లెక్క. 1899 డిసెంబర్ 30కి అన్ని రోజులు కలిపితే 2024 ఏప్రిల్ 5 వస్తుంది, చుక్క తర్వాతి భాగం పొద్దున 5:12. 1900 జనవరి 1 ఒకటో రోజైతే డిసెంబర్ 31కి కలపాలి కదా, 30కి ఎందుకంటే, ఎక్సెల్ 1900ను లీపు సంవత్సరంగా లెక్కేస్తుంది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్‌లోని తప్పును దాంతో పొత్తు కుదరడం కోసం అలాగే ఉంచారు.

మన దేశంలో గడియారాలు మార్చడం లేదు కదా, 5:30 ఎప్పటికీ స్థిరమే కదా అనుకోవచ్చు. ఇప్పటికి నిజమే, కానీ యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 వరకు, ఇక్కడ కూడా గంట ముందుకు జరిపి 6:30 చేశారు. మీ ఫైల్లో రేపు అమెరికా నుంచి వరుసలు వస్తే స్థిరమైన అంకె అసలు పనికిరాదు. డాలస్‌కూ మనకూ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. 2024 నవంబర్ 3న అక్కడ తెల్లవారుజామున 1:30 రెండుసార్లు వచ్చింది, మనకు మధ్యాహ్నం 12 గంటలకు ఒకసారి, ఒంటిగంటకు ఇంకోసారి. ఏది కావాలో చెప్పడానికే డేట్‌టైమ్‌లో ఫోల్డ్ అనే గుర్తు పెట్టారు. జోన్ పేరు రాసి ఉంటే ఈ లెక్కలన్నీ జోన్‌ఇన్ఫో చూసుకుంటుంది, మీరు వేళ్లు మడవక్కర్లేదు.

కోడ్ మార్చాక ఊరికే ఒకసారి నడిపి వదిలేయకండి. టీజెడ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఒకసారి యూటీసీకి, ఒకసారి ఏసియా/కోల్‌కతాకు పెట్టి (లినక్స్‌లో, మ్యాక్‌లో ఇది పనిచేస్తుంది) ఒకే ఫైల్‌ను రెండుసార్లు ఎక్కించండి. అందులో పొద్దున 5:29, 5:30, సాయంత్రం 6:29, 6:30, నెలాఖరు అర్ధరాత్రి సమయాలున్న వరుసలు చేర్చండి. రెండుసార్లూ డేటాబేస్‌లో అవే విలువలు, రిపోర్టులో అవే తేదీలు రావాలి. తేడా వస్తే ఎక్కడో ఇంకా టైమ్‌జోన్ లేని విలువ ఒకటి మిగిలిందన్నమాట. ఆ వరుసనూ, మీరు రాసిన ఫార్మాట్‌నూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.