‘లాస్ట్ క్రిస్మస్’ పాట మొదటి స్థానానికి చేరడానికి 36 ఏళ్ళు ఎందుకు పట్టింది?

1984లో వచ్చిన పాట 2021లో బ్రిటన్ చార్టులో, అంటే పాటల ఆదరణను బట్టి వారం వారం వేసే జాబితాలో, మొదటి స్థానానికి ఎలా చేరిందని, విడుదలైనప్పుడు అది ఆడలేదా అని మీరు అడిగారు. నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చదువుకుంటూ సాయంత్రాలు ఒక సరుకుల దుకాణంలో పనిచేసిన రోజుల్లో, నవంబరు నెలాఖరు నుంచి ఈ పాటను రోజుకు మూడు నాలుగుసార్లు వినేవాడిని. అప్పుడు పుట్టిన ఆసక్తితో తెలుసుకున్న సంగతులు చెబుతాను.

ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు: పాట చాలా బాగా ఆడింది. జార్జ్ మైకేల్, ఆండ్రూ రిడ్జ్‌లీ అనే ఇద్దరు చిన్ననాటి స్నేహితుల జంట ‘వామ్!’ ఆ ఏడాదే అంతకుముందు రెండు పాటలతో మొదటి స్థానం అందుకుంది. డిసెంబరులో విడుదలైన ‘లాస్ట్ క్రిస్మస్’ అయిదు వారాలు రెండో స్థానంలో నిలిచింది. దానికి పైనున్నది, ఇథియోపియా కరవు బాధితుల సహాయార్థం బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ రాసి, పేరున్న గాయకులను ఎందరినో కూడగట్టి బ్యాండ్ ఎయిడ్ పేరుతో పాడించిన పాట. అందులోనూ జార్జ్ మైకేల్ గొంతు ఉంది. పైగా వామ్! తమ పాట రాబడిని కూడా ఆ కరవు సహాయానికే ఇచ్చేసింది. అందుకే ఆ రెండో స్థానాన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు.

జంట పేరుతో వెలువడినా, ఈ పాటను రాసింది, పాడింది, వాయిద్యాలు వాయించింది జార్జ్ మైకేల్ ఒక్కడే. తల్లిదండ్రుల ఇంట్లో ఇద్దరూ టీవీ చూస్తుండగా అతడు హఠాత్తుగా మేడ మీదికి వెళ్ళి, గంట తర్వాత ఈ బాణీతో దిగివచ్చాడని రిడ్జ్‌లీ చెప్పాడు. గంటల మోత, హుషారైన తాళం పైకి వినిపిస్తున్నా, లోపలున్నది మాత్రం ప్రేమలో మోసపోయినవాడి దిగులు. ఇంటికి దూరంగా ఉన్న నాకు ఆ పాట విసుగు పుట్టించకపోవడానికి కారణం ఆ దిగులేనని ఇప్పటికీ నమ్ముతాను.

ఇక అసలు ప్రశ్న. ఆ 36 ఏళ్ళలో మారింది పాట కాదు, లెక్కపెట్టే పద్ధతి. నాతో పాటు పనిచేసిన ఒక పెద్దావిడ 1984లో, తనకు పదిహేడేళ్ళప్పుడు, ఈ రికార్డు కొన్నారట. ఆ తర్వాత ప్రతి పండుగకూ ఆమె ఇంట్లో అది మోగింది, కానీ చార్టు లెక్కలోకి ఎక్కింది మాత్రం కొన్న ఆ ఒక్కసారే. అప్పట్లో చార్టు అంటే దుకాణాల్లో అమ్మకాల జాబితా. 1985లో మళ్ళీ విడుదల చేస్తే పాట ఆరో స్థానం దాకా వెళ్ళింది. రికార్డు దుకాణంలో లేని ఏడాది, ఎంతమంది విన్నా అది జాబితాకు ఎక్కే దారే లేదు. రికార్డు దుకాణంలో లేకపోయినా డౌన్‌లోడ్‌లను లెక్కించడం మొదలైన 2007 నుంచి ఈ పాట ఏటా చార్టులోకి తిరిగి వస్తోంది. నేను లెస్టర్ చేరిన 2014లోనే, జులై నుంచి, స్ట్రీమింగ్‌ను, అంటే ఇంటర్నెట్‌లో నేరుగా వినడాన్ని, కూడా కలిపి, వంద వినికిడులను ఒక అమ్మకంగా కట్టారు. కొనడం ఒక్కసారే జరుగుతుంది, వినడం ఏటా జరుగుతుంది. అందుకే పాత పండుగ పాటలన్నిటికీ ఆ మార్పు ప్రాణం పోసింది.

2020 క్రిస్మస్‌కు కరోనా ఆంక్షల వల్ల ఎక్కడివాళ్ళం అక్కడే ఉండిపోయాం. నేనూ అద్దె గదిలో ఒంటరిగా ఆ పాటను ఎన్నోసార్లు పెట్టుకున్నాను. ఆ ఏడాది పండుగ శుక్రవారం వచ్చింది, చార్టు వారం కూడా శుక్రవారమే మొదలవుతుంది. కనుక పండుగనాటి వినికిడంతా తర్వాతి వారం లెక్కలోకి వెళ్ళి, 2021 జనవరి 1న ప్రకటించిన చార్టులో పాట మొదటి స్థానానికి చేరింది. సరిగ్గా క్రిస్మస్ నాటి చార్టులో మొదటి స్థానం మాత్రం 2023లో దక్కింది, 2024లోనూ నిలిచింది. 2016 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజునే కన్నుమూసిన జార్జ్ మైకేల్ వీటిలో ఏ ఒక్కటీ చూడలేదు.

ఆ జనవరి 1 రాత్రి ఆ పెద్దావిడ నాకొక ఫొటో పంపారు. అంచులు నలిగిన అట్టలో, 1984లో ఆమె కొన్న రికార్డు.