బస్సులో పోయిన నగలకు విధానసౌధలో అర్జీ పెట్టాలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: హిందూపురంలో మా చెల్లెలి ఇంట గృహప్రవేశానికి వెళ్లి, రాత్రి బస్సులో బెంగళూరుకు తిరిగి వస్తుండగా నా సంచిలోని నగల పెట్టె పోయింది. దిగి ఇంటికి వచ్చాకే ఆ సంగతి తెలిసింది. దగ్గరి పోలీసు స్టేషనుకు వెళితే, దొంగతనం ఆంధ్రలో జరిగి ఉంటుంది, అక్కడే ఫిర్యాదు ఇవ్వండి అని పంపేశారు. హోంమంత్రి గారికి అర్జీ ఇస్తే తప్ప పని కాదని ఇరుగుపొరుగు వారు అంటున్నారు. విధానసౌధకు, అంటే రాష్ట్ర సచివాలయానికి, వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: అమ్మా, విధానసౌధ వరకూ వెళ్లనక్కరలేదు. మీ ఫిర్యాదు తీసుకోకుండా పంపడం చట్టానికి విరుద్ధం. దాన్ని సరిదిద్దే మార్గాలు మీకు చాలా దగ్గరలోనే ఉన్నాయి.

నేరాల దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టమైన, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు కోర్టు ఉత్తర్వు లేకుండానే దర్యాప్తు చేయగల నేరం గురించి, అది ఏ ప్రాంతంలో జరిగినా సరే, ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. తమ పరిధి కాదని భావించిన స్టేషను వారు సున్నా నంబరుతో కేసు నమోదు చేసి, సంబంధిత స్టేషనుకు పంపాలి. అందరూ జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నది దీన్నే. ప్రయాణికుల వాహనంలోంచి వస్తువులు దొంగిలించడం 7 సంవత్సరాల వరకు శిక్ష పడగల నేరం. ఇలాంటి నేరం జరిగినట్లు సమాచారం అందినప్పుడు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే తీర్పు చెప్పింది.

నిజానికి మీ విషయంలో సున్నా నంబరు కూడా అవసరం లేదని నా అభిప్రాయం. ప్రయాణంలో జరిగిన నేరాన్ని, ఆ ప్రయాణం ఏయే ప్రాంతాల మీదుగా సాగిందో వాటిలో ఏ ప్రాంతపు కోర్టయినా విచారించవచ్చని చట్టం చెబుతోంది. హిందూపురం దాటిన కొద్దిసేపటికే బస్సు కర్ణాటకలో ప్రవేశించి, గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా యలహంకకు వస్తుంది. దారిలో ఎక్కువ భాగం ఇక్కడిదే అయినప్పుడు, దొంగతనం ఆంధ్రలోనే జరిగిందని ముందే తేల్చడానికి ఆధారమేమిటి?

మళ్లీ స్టేషనుకు వెళ్లి ఫిర్యాదును రాతపూర్వకంగా ఇవ్వండి, రశీదు అడగండి. బస్సు టికెట్టు, నగలు కొన్న బిల్లులు, అవి వేసుకుని దిగిన పెళ్లి ఫొటోలు జతచేయండి. బస్టాండుల్లోని సీసీటీవీ దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోతాయి కనుక వాటిని వెంటనే భద్రపరచమని ఫిర్యాదులోనే కోరండి. అప్పుడూ తీసుకోకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో పై అధికారికి, అంటే జిల్లాల్లో ఎస్పీకి, బెంగళూరు నగరంలో మీ ప్రాంతపు డిప్యూటీ పోలీసు కమిషనరు (డీసీపీ)కి, పంపండి. అక్కడా ఫలితం లేకపోతే ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు. స్టేషను అధికారి వివరణను కూడా పరిశీలించి, దర్యాప్తు చేయమని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. రశీదులు జాగ్రత్తగా దాచుకోండి, తర్వాతి ప్రతి మెట్టు దగ్గరా వాటినే అడుగుతారు.

ఇక హోంశాఖ సంగతి. శాంతిభద్రతలు, పోలీసు వ్యవస్థ రాజ్యాంగంలోని 7వ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో మొదటి రెండు అంశాలు. అందుకే ఢిల్లీలోని కేంద్ర హోంశాఖ వేరు, కర్ణాటక హోంశాఖ వేరు. పోలీసు దళంతో పాటు జైళ్లు, అగ్నిమాపక దళం, హోంగార్డులు, ప్రాసిక్యూషన్ విభాగం కూడా రాష్ట్ర హోంశాఖ కిందికే వస్తాయి. నిధులు, కొత్త స్టేషన్ల మంజూరు, నియామకాలు, ఉన్నతాధికారుల బదిలీలు అక్కడ నిర్ణయమవుతాయి. వర్గాల మధ్య వైషమ్యం రెచ్చగొట్టడం వంటి కొన్ని నేరాలను కోర్టు విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ఆ ఫైలు నడిచేదీ హోంశాఖలోనే. కానీ ఒక దొంగతనం కేసులో ఎవరిని అనుమానించాలి, ఎవరిని అరెస్టు చేయాలి అన్నది మంత్రిగారు చెప్పే విషయం కాదు, చెప్పకూడదు కూడా. దర్యాప్తు అధికారి జవాబుదారీ చట్టానికి, కోర్టుకు. మీరు విధానసౌధలో అర్జీ ఇచ్చినా అది నృపతుంగ రోడ్డులోని రాష్ట్ర పోలీసు అధిపతి (డీజీ) కార్యాలయానికో, ఇన్‌ఫంట్రీ రోడ్డులోని నగర కమిషనర్ కార్యాలయానికో చేరి, చివరికి మీ డీసీపీ దగ్గరికే వస్తుంది. ఆ లోపల పోయే రోజులే మీ నగలకు చేటు. ఎన్ని ఫిర్యాదులు ఇచ్చినా ఒక స్టేషను వారు ఎవరి దగ్గరా తీసుకోవడం లేదని కాలనీ అంతా కలిసి చెప్పదలచుకుంటే మాత్రం హోంశాఖకు తప్పక రాయండి. అది వారు పట్టించుకోవలసిన విషయం.

ప్రశ్న: నేను తెలుగులో చెప్పిన ఫిర్యాదును కన్నడంలో రాసి సంతకం చేయించుకున్నారు. నాకు కన్నడం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగులో రాసి ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ఇవ్వవచ్చు. ఫిర్యాదు ఫలానా భాషలోనే ఉండాలని చట్టం నిర్దేశించలేదు. స్టేషను రికార్డు కన్నడంలో ఉండటం ఇక్కడ సహజం, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న అధికారి దాన్ని మీకు చదివి వినిపించిన తర్వాతే సంతకం తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. సున్నితమైన కేసులు మినహా మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కన్నడం చదవగలిగిన మిత్రుడి చేత ఒకసారి చదివించుకుని, తేదీల్లో గాని, పేర్లలో గాని తేడా కనిపిస్తే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు చెప్పవలసిన బాధ్యత కూడా పోలీసులదే.

ప్రశ్న: మా వీధిలో జరిగిన కొట్లాటను చూశారని 64 ఏళ్ల మా నాన్నగారిని ఫోను చేసి పదేపదే స్టేషనుకు పిలుస్తున్నారు, గంటల తరబడి కూర్చోబెడుతున్నారు. ఎవరికి చెప్పుకోవాలి?
– ఒక పాఠకురాలు, కృష్ణరాజపురం

జవాబు: మీ ఉత్తరం చదివితే బాధ కలిగింది. సాక్షిగా వచ్చిన పెద్దమనిషిని ఇలా తిప్పితే రేపు ఏ వీధిలోనూ సాక్ష్యం చెప్పడానికి ఎవరూ ముందుకు రారు. సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం సాక్షిని రాతపూర్వక ఉత్తర్వుతోనే పిలవాలి. 60 ఏళ్లు దాటినవారిని, 15 ఏళ్లలోపు బాలురను, స్త్రీలను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని తాము నివసించే చోటు తప్ప మరో చోటికి రమ్మని ఒత్తిడి చేయకూడదు. తమంతట తాము వెళ్లదలచుకుంటే అది వేరు. మీ నాన్నగారి వయసు ధ్రువపత్రం జతచేసి, ఇంటి దగ్గరే వాంగ్మూలం తీసుకోవలసిందిగా ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం ఇచ్చి, ఒక ప్రతిని డీసీపీకి పంపండి.

ఆ తర్వాతా వేధింపు ఆగకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చేయి చేసుకోవడం, అక్రమంగా నిర్బంధించడం వంటి తీవ్రమైన దుష్ప్రవర్తన జరిగితే పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఉంది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల వల్లే రాష్ట్రాల్లో ఇలాంటి సంస్థలు ఏర్పడ్డాయి. మన తెలుగువారిలో చాలామందికి ఇది ఉందన్న సంగతే తెలియకపోవడం నాకు ఎప్పుడూ కష్టంగా అనిపిస్తుంది.

ప్రశ్న: ఇల్లు ఖాళీ చేసినా యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడం లేదు. పోలీసులు ఇది సివిల్ వ్యవహారం అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హెబ్బాళ

జవాబు: ఈ ఒక్క విషయంలో వారు చెప్పింది చాలావరకు నిజం. అద్దె ఒప్పందం, అడ్వాన్సు చెల్లించిన బ్యాంకు వివరాలు పెట్టుకుని వకీలు ద్వారా నోటీసు పంపండి. కోర్టుకు వెళ్లే ముందే రాజీకి పిలిపించమని జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థను కోరవచ్చు. యజమాని బెదిరించినా, మీ సామాను పట్టి ఉంచుకున్నా అప్పుడు పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, ఆ ఫిర్యాదులో అడ్వాన్సు తగాదాను కాక బెదిరింపు జరిగిన రోజు, వేళ, విన్న సాక్షుల పేర్లు ముందుగా రాయండి.