స్పీడ్ పెరిగితే హోరు: బేరింగా, టైరా?

ప్రశ్న: మాది 2009 మోడల్ చిన్న కారు. ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద 60 దాటితే ముందు నుంచి ఊఁ అని ఒకటే హోరు అండీ, మెకానిక్ ఏమో నాలుగు టైర్లూ మార్చేయమంటున్నాడు. మార్చాలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఆగండి, టైర్లకి డబ్బు పెట్టే ముందు బేరింగ్, అంటే చక్రం మధ్యలో ఉండి అది తేలిగ్గా తిరిగేలా చేసే భాగం, దాని సంగతి తేల్చుకోండి. ఖాళీ రోడ్డు మీద వెళ్తూ గేర్ న్యూట్రల్‌లో వేయండి, ఇంజిన్ తగ్గినా హోరు అలాగే ఉండి కారు స్లో అయ్యేకొద్దీ తగ్గితే అది చక్రాల దగ్గరి శబ్దమే. తర్వాత అదే స్పీడ్‌లో స్టీరింగ్ కొంచెం ఎడమకి తిప్పండి, బరువు కుడి వైపు పడుతుంది కదా, అప్పుడు హోరు పెరిగితే ఎక్కువసార్లు కుడి బేరింగే, కుడికి తిప్పితే పెరిగిందా ఎడమది చూడాలి. సిమెంట్ రోడ్డు నుంచి తారు రోడ్డెక్కగానే శబ్దం మారిపోతే మాత్రం టైర్లే అనుకోవచ్చు. తిప్పినప్పుడు టకటక అంటే అది ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్, వేరే కథ.

ఇంకా డౌట్ ఉంటే షెడ్‌లో జాకీ ఎక్కించి, కింద స్టాండ్ పెట్టించి, ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఉంచి రెండో చేత్తో చక్రం తిప్పండి, బేరింగ్ పోతే ఇసుక నలిగినట్టు గరగర స్ప్రింగ్‌లో చేతికి తెలుస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజ్ లేదు కాబట్టి బాగుందనేస్తారు కొందరు, నమ్మకండి, లూజ్ రాకముందే హోరు మొదలవుతుంది.

బేరింగ్ మార్చేటప్పుడు దాన్ని సమంగా నొక్కి ఎక్కించే ప్రెస్ మెషిన్ ఉన్న చోటే చేయించండి, సుత్తితో కొట్టి ఎక్కిస్తే కొత్త బేరింగ్ కూడా త్వరగా పోతుంది. లూజ్ కూడా వచ్చేసి ఉంటే ఓఆర్ఆర్ ఎక్కొద్దండి, ముందు షెడ్‌కే పోనివ్వండి.