‘పారనాయిడ్’ పాట నిజంగా అరగంటలోనే తయారైందా?

ఇంగ్లండ్ హెవీ మెటల్ రాక్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ వాళ్ల ‘పారనాయిడ్’ అరగంటలో పుట్టిందంటారు, నిజమేనా లేక ఫ్యాన్స్ అల్లిన కథా అని అడిగారు. చాలా వరకు నిజమే.

వాళ్ల మొదటి ఆల్బం 1970 ఫిబ్రవరిలో వచ్చింది. కొన్ని నెలలకే రెండో ఆల్బం కోసం లండన్‌లో స్టూడియోకి వెళ్లారు. తీరా రికార్డింగ్ అయ్యాక నిడివి చాల్లేదు, ఇంకో మూడు నిమిషాల పాట కావాలన్నారు. మిగతావాళ్లు భోజనానికి వెళ్తే గిటారిస్ట్ టోనీ అయోమీ ఒక్కడే ఉండిపోయాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి రిఫ్, అంటే పాటంతా మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క, రెడీ. బేస్ వాయించే గీజర్ బట్లర్ గబగబా సాహిత్యం రాసిచ్చాడు, ఆజీ ఆస్బర్న్ కాగితం చూస్తూ పాడేశాడు. డ్రమ్మర్ బిల్ వార్డ్ అయితే మొత్తం 20, 25 నిమిషాల పనే అంటాడు.

మా కాలేజీ బ్యాండ్‌లో ఈ పాట వాయించేవాణ్ణి. ఎడమ చేతికి పెద్ద పనేమీ ఉండదు, చరణమంతా పవర్ కార్డ్సే, అంటే రెండు మూడు తీగలే కలిపి మోగించడం. కష్టమంతా కుడిచేతిదే. అరచేతి అంచుతో తీగల్ని అదిమిపట్టి ఆపకుండా కొడుతూనే ఉండాలి. స్టేజి మీద టెన్షన్‌లో మా డ్రమ్మర్ స్పీడ్ పెంచాడంటే నా మణికట్టు పట్టేసేది.

ఇలా రెండు మూడు తీగల మీదే వాయించడం వెనక అయోమీ చేతి కథ ఉంది. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు, 17 ఏళ్ల వయసులో, అదీ ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున, మెషీన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, మీటేది ఎడమచేత్తో, కాబట్టి తీగలు నొక్కే వేళ్లే పోయాయన్నమాట. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. గట్టి తీగలు నొక్కలేక బాంజో తీగలు బిగించాడు. ఐదారు తీగలు కలిపి మోగించే నిండు కార్డ్స్ కష్టమయ్యేసరికి రెండు మూడు తీగల మీదే బరువైన శబ్దం రాబట్టడం అలవాటు చేసుకున్నాడు. నా దృష్టిలో ఆ అరగంట కంటే ఈ సంగతే పెద్దది. తర్వాత వచ్చిన మెటల్ గిటారిస్టుల్లో ఆ దారి తొక్కనివాళ్లు తక్కువ.

సాహిత్యం సంగతికొస్తే, బట్లర్ రాసుకున్నది తన డిప్రెషన్ గురించే. అందుకే ట్యూన్ అంత హుషారుగా పరిగెడుతున్నా మాటలు మాత్రం దిగులుగానే ఉంటాయి.

ఖాళీ పూరించడానికి చేసిన ఈ పాటే సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వచ్చి, బ్రిటన్ చార్టులో 4వ స్థానానికి చేరింది. దాంతో ‘వార్ పిగ్స్’ అనుకున్న ఆల్బం పేరు కాస్తా ‘పారనాయిడ్’ అయింది. కవర్ మాత్రం అప్పటికే తయారైపోయింది. దాని మీద కత్తీ డాలూ పట్టుకున్న మనిషికీ పాటకీ ఏం సంబంధమా అని మీరూ బుర్ర గోక్కుని ఉంటే, కారణం ఇదే.