చూడటానికి అద్భుతంగా ఉన్న ఆర్‌పీజీ విసుగు పుట్టిస్తుంటే పూర్తి చేయాలా, వదిలేయాలా?

మీరు ఒక ఆర్‌పీజీని (రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఒక పాత్రగా మారి మన నిర్ణయాలతో కథను నడిపే ఆట) పన్నెండు గంటలు ఆడానని, ప్రతి దృశ్యమూ పటం కట్టించుకోవాలనిపించేంత అందంగా ఉన్నా ముందుకు సాగాలన్న కోరిక మాత్రం కలగడం లేదని రాశారు. వదిలేయండి. ఇలాంటి గేమ్ ఒకటి నేను ముప్పై ఒక్క గంటలు ఆడి చివరిదాకా చూశాను. పన్నెండో గంటలో కనిపించనిది ముప్పయ్యో గంటలోనూ కనిపించలేదు.

ఆ గేమ్ పేరు చెప్పను. దానికి బొమ్మలు వేసినవారి శ్రమ మీద నాకు నిజమైన గౌరవం ఉంది. తెర మొత్తం నీటిరంగుల చిత్రంలా ఉండేది. దగ్గరగా చూస్తే కాగితం గరుకుదనం తెలిసేది, సాయంత్రమయ్యేసరికి ఆకాశంలోని నారింజరంగు కరిగి నదిలోకి జారేది. మొదటి రెండు గంటలు నేను ఆడానని చెప్పలేను, చూస్తూ కూర్చున్నాను.

మూడో గంటలో నది ఒడ్డున ఉన్న ఒక పల్లెకు చేరుకున్నాను. అక్కడ ఒక ముసలమ్మ గుమ్మంలో దీపం పెట్టుకుని నిలబడి, పడవ నడిపే తన కొడుకు మూడు రోజులుగా ఇంటికి రాలేదని, కాస్త వెతికిపెట్టమని అడిగింది. అవతలి ఒడ్డున రెల్లుపొదల్లో బోర్లాపడిన పడవ, దాని కింద తడిసిన శాలువా దొరికాయి. తిరిగి వచ్చాక ఏం చెప్పాలో ఎంచుకోమని గేమ్ నా ముందు మూడు మార్గాలు పెట్టింది: నిజం చెప్పడం, ఇంకా వెతుకుతున్నామని అనడం, ఏమీ మాట్లాడకుండా శాలువా చేతికివ్వడం. నేను కంట్రోలర్ పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాను. చివరికి నిజమే చెప్పాను. ఆమె తలెత్తి, "నది తీసుకున్నదాన్ని నదే తెచ్చిస్తుంది" అంది. దీపం మెల్లగా మసకబారింది, పాత్ర బలాన్ని పెంచే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు నాకు నూట ఇరవై వచ్చాయి. దుఃఖాన్ని ఒప్పుకోలేని తల్లి మాటగా అనిపించి నా గొంతు పట్టేసింది.

మిగిలిన రెండు మార్గాల్లో ఆమె ఏమంటుందో తెలుసుకోవాలనిపించి పాత సేవ్ లోడ్ చేసి, ఆ నిర్ణయానికి ముందున్న చోటికి వెళ్లాను. వెతుకుతున్నామని చెబితే, "నది తీసుకున్నదాన్ని నదే తెచ్చిస్తుంది" అంది. శాలువా ఇచ్చినా అదే మాట, అదే మసకబారే దీపం, అవే నూట ఇరవై పాయింట్లు. ఇరవై గంటల తర్వాత కథ నన్ను మళ్లీ ఆ పల్లె మీదుగా నడిపించినప్పుడు, ఆమె అదే గుమ్మంలో నిలబడి, తన కొడుకు మూడు రోజులుగా రాలేదని నాతో చెప్పింది.

ఆ క్షణంలో ఆ గేమ్ మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. నన్ను ఆలోచించమని అడిగి, నా ఆలోచనను పారేసింది.

2015లో వచ్చిన అండర్‌టేల్ దీనికి పూర్తిగా ఎదురు. టోబీ ఫాక్స్ దాదాపు ఒంటిచేత్తో చేసిన ఆ గేమ్‌లోని బొమ్మలు చాలా సాదావి. మొదట్లో మనల్ని తల్లిలా చూసుకునే టోరియెల్‌ను చంపి, మనసొప్పక పాత సేవ్ లోడ్ చేసి ఆమెను బతికిస్తే, ఫ్లోవీ అనే పువ్వు, అంతకుముందు మీరేం చేశారో తనకు తెలుసని మొహం మీదే చెబుతుంది. నేను లోడ్ చేసిన సంగతిని కూడా గుర్తుపెట్టుకున్న గేమ్ అది. నీటిరంగుల గేమ్ మాత్రం నేను నోటితో చెప్పినదాన్ని కూడా గుర్తుపెట్టుకోలేదు.

ఆర్‌పీజీ అనే ఈ ప్రక్రియ ఎక్కడ పుట్టిందో చూస్తే దాని సారం ఏమిటో తెలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీది ఆటను తెచ్చినప్పుడు కదిలే బొమ్మలు లేవు. కాగితాలు, పాచికలు, బల్ల చుట్టూ కూర్చున్న మనుషులు మాత్రమే ఉన్నారు. తలుపును పగలగొట్టకుండా తడతానని ఆటగాడు అంటే, తట్టినందుకు ఏమవుతుందో ఆటను నడిపించే డంజియన్ మాస్టర్ చెప్పి తీరాలి. ఆ జవాబే ఆర్‌పీజీకి ప్రాణం. 1997 నాటి ఫాలౌట్‌లో తెలివితేటలు బాగా తక్కువగా పెట్టి పాత్రను తయారు చేస్తే, ఆ పాత్ర మాటలే ముక్కలుముక్కలుగా మారిపోతాయి. 1987లో మొదటి ఫైనల్ ఫాంటసీకి యొషితాకా అమానో వేసిన చిత్రాల సొగసు ఆనాటి తెర మీది చిన్న బొమ్మల్లో ఇమడలేదు. అయినా ఆరు రకాల యోధుల్లోంచి నలుగురిని ఎంచుకోమన్న ఆ ఒక్క నిర్ణయం ఆట మొత్తాన్ని మార్చేసేది. నలుగురినీ గాయాలు మాన్పే వైట్ మేజ్‌లుగా తీసుకున్నవారు ఆడే గేమే వేరు.

కళను ఎక్కువగా పట్టించుకుంటే ఆట పలచబడక తప్పదనే వాదనను నేను ఒప్పుకోను. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియమ్ తైలవర్ణ చిత్రంలా ఉంటుంది. అందులోని ఇరవై నాలుగు నైపుణ్యాలకూ ఒక్కొక్క చిత్తరువు ఉంది. ఆ నైపుణ్యాలు మీ బుర్రలోంచి మీతో మాట్లాడతాయి, వాదిస్తాయి, కొన్నిసార్లు తప్పుదోవ పట్టిస్తాయి. దేనికి పాయింట్లు పెంచితే దాని గొంతు ఎక్కువగా వినిపిస్తుంది. అక్కడ బొమ్మ, మాట, లెక్క మూడూ ఒకే పని చేస్తున్నాయి.

నేను ఆడిన దానిలో ఏది ముట్టుకున్నా పైపూతే. నైపుణ్యాలు పెంచుకునే పటమైన స్కిల్ ట్రీని నిజంగానే పూలచెట్టులా గీశారు. పాయింటు పెట్టినప్పుడల్లా ఒక రేకు బంగారు కాంతితో విచ్చుకుంటుంది, విచ్చుకున్నాక దెబ్బ బలం రెండు శాతం పెరుగుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. చేతిరాతలా కనిపించాలని అక్షరాలను సన్నగా, లేతరంగు మీద లేతరంగులో పెట్టారు, వాటిని పెద్దవి చేసుకునే సెట్టింగ్ లేదు. కళ్లజోడు పెట్టుకునేవారిని ఇంతగా ఇబ్బంది పెట్టే అందం ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు. పోరాటాల్లో ఒక్కో మంత్రానికి ఏడెనిమిది సెకన్ల యానిమేషన్ వస్తుంది, దాన్ని దాటవేయడానికి వీల్లేదు. మొదటిసారి చూసినప్పుడు అబ్బురంగా ఉంది, రెండు వందలోసారి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

ఇలాంటి గేమ్‌లకు పెద్ద మార్కులు ఎందుకు పడతాయంటే, అందాన్ని ఒక్క స్క్రీన్‌షాట్‌లో చూపించవచ్చు, డొల్లతనాన్ని చూపించడానికి ఇరవై గంటలు పడుతుంది. ఇరవై గంటల తర్వాత బాగుంటుంది, ఓపిక పట్టమని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మొదటి మూడు గంటల్లో మీ మాటకు విలువ ఇవ్వని గేమ్ తర్వాత ఇవ్వడం నేను ఇంతవరకు చూడలేదు.

అయినా నా మాట మీదే ఆధారపడకండి. మీ గేమ్‌లో ముఖ్యమనిపించే నిర్ణయం ఈసారి వచ్చినప్పుడు ముందుగా వేరే స్లాట్‌లో సేవ్ చేసి పెట్టుకుని, ఒక దారి ఎంచుకుని గంటసేపు ఆడండి, ఆ తర్వాత పాత సేవ్ లోడ్ చేసి రెండో దారిలో మరో గంట ఆడండి. మనుషుల మాటల్లో, ఎదురయ్యే పోరాటాల్లో, కనీసం ఒక్క తలుపు తెరుచుకోవడంలోనైనా తేడా కనిపిస్తే కొనసాగించండి. ఏ తేడా లేకపోతే, మీకు నచ్చిన దృశ్యాల స్క్రీన్‌షాట్లు దాచుకుని ఆ రాత్రికే అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి.