ఆపరేషన్‌లో ఏమేం తీశారో ముందు తెలుసుకోండి

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 35 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండున్నరేళ్ల కిందట తెల్లబట్ట, నడుంనొప్పి అని మా ఊరి ఆరెంపీకి చెబితే టౌన్లో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. స్కానింగ్ తీసి, గర్భసంచికి పుండుంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారు. మర్నాడే సంచి తీసేశారు. సంతకం మా ఆయన చేత పెట్టించుకున్నారు, నన్నేమీ అడగలేదు. అప్పట్నుంచి ఒళ్లంతా ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర లేదు. మిరపకోతకు వెళ్తే ఒక పూట కూడా వంగలేకపోతున్నా. ఇప్పుడు 31 ఏళ్ల మా చెల్లికీ అక్కడే అదే మాట చెప్పారు. కాయ అమ్మిన డబ్బు రాగానే చేయిద్దామని మా మరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ‘సంచి తీసేశారు’ అని రాశారే, అక్కడే ఆగిపోయాను. సంచి ఒక్కటే తీశారా, దాని పక్కనున్న అండాశయాలు కూడా తీశారా? మీకు ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వాసుపత్రిలో ముప్పయ్యేళ్లు పనిచేశాను. పొట్టమీద కోత చూపించి ‘పెద్దాపరేషన్ అయిందమ్మా’ అనేవాళ్లను ఏం తీశారని అడిగితే, చాలామంది పక్కనున్న భర్త మొహం చూసేవాళ్లు. ఆయనకూ తెలిసేది కాదు.

ముందు డిశ్చార్జి కాగితం వెతకండి. అందులో ‘టీఏహెచ్’ అని ఉంటే గర్భసంచి తీసినట్టు. దాని పక్కన ‘బీఎస్‌ఓ’ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయేమో పిల్లల చేత చదివించండి. ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని. సంచి పోతే ఎలాగూ ముట్టు రాదు కాబట్టి ఈ తేడా పైకి తెలియదు. అండాశయాలు ఉంటే హార్మోన్లు ఇంకా కొన్నేళ్లు వస్తాయి. అవీ పోతే, ఎప్పుడో 50కి దగ్గర్లో ముట్లుడిగేటప్పుడు మెల్లగా రావలసిన మార్పంతా ఒక్క రోజులో మీద పడుతుంది. మీ ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి దానివల్లే కావచ్చు. లోపల ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం మాత్రం మనకు కనబడవు.

‘సంచి తీశాక అంతేలే’ అని ఇరుగుపొరుగు అంటారు. కాదమ్మా, వైద్యం ఉంది. అండాశయాలు తీసేసి ఉంటే, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు లాంటివి లేవని చూసుకుని, ముట్లుడిగే వయసు వచ్చేదాకా హార్మోన్ మందులు ఇస్తారు. జిల్లా ఆసుపత్రిలో స్త్రీవ్యాధుల డాక్టరుకు కాగితంతో సహా చూపించి ఈ సంగతి మీరే అడగండి. ఎముకల పరీక్ష, కాల్షియం, విటమిన్ డి గురించి కూడా.

కాగితం దొరక్కపోతే ఆలస్యం చేయొద్దు. 2002 నాటి వైద్యమండలి నిబంధనల ప్రకారం డాక్టర్లు ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు దాచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మీకిక ఆరు నెలలే ఉంది. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదానిమీద అందినట్టు ముద్ర వేయించుకోండి. తీసిన సంచిని బయాప్సీకి, అంటే జబ్బేమైనా ఉందా అని ల్యాబులో చూసే పరీక్షకు పంపారా, ఆ రిపోర్టు ఏదీ అని కూడా అందులో రాయండి.

ఇక సంతకం. ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహితకు లోపల చూసే పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆమె ఆ మత్తులో ఉండగానే తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు ఆమె తెలివిలోకి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి, తల్లి ఒప్పుకోలు చెల్లదు అని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మీరు మెలకువగానే ఉన్నారు కదమ్మా! మీ వారికి చూపించిన కాగితం మీకు చూపించడానికి ఏం అడ్డొచ్చింది? ఏం తీస్తారు, ఎందుకు తీస్తారు, తీయకపోతే ఏమవుతుంది, వేరే వైద్యం ఏముంది? ఇవన్నీ మీకు అర్థమయ్యేలా చెప్పాకే సంతకం అడగాలి.

2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లు 100 మందిలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8. మన ఆడవాళ్లకు మాత్రమే అన్ని జబ్బులుంటాయంటే నేను నమ్మను.

మీ చెల్లి సంగతి. సంచి మూతి దగ్గర కాస్త ఎర్రగా కనబడితే చాలు, పుండు అనేస్తారు. పిల్లల్ని కనే వయసులో చాలామందికి అది మామూలే, దానంతటది క్యాన్సర్‌గా మారదు. తెల్లబట్ట ఇన్ఫెక్షన్ వల్లయితే మందులతో తగ్గుతుంది, ఒక్కోసారి భర్త కూడా మందులు వాడాలి. క్యాన్సర్ భయం తీరాలంటే సంచి మూతి దగ్గర కణాలు కాస్త తీసి చూసే పాప్ స్మియర్ గానీ, అక్కడే ద్రావణం పూసి చూసే పరీక్ష గానీ చేయించండి. 30 దాటినవాళ్లకు ఈ రెండోది ప్రభుత్వాసుపత్రుల్లో చేస్తారు, నిమిషాల పని. నిజంగా క్యాన్సరే అయినా, మందులకు లొంగని రక్తస్రావమైనా ఆపరేషన్ వద్దని నేనే అనను. కానీ స్కానింగ్ తీసిన మర్నాడే కోయాల్సిన తొందర తెల్లబట్టకు లేదు.

మీ మరిదికి ఈ పేజీ చదివి వినిపించండి. పరీక్ష ఫలితం చేతికొచ్చేదాకా ఆ ఆసుపత్రికి రూపాయి కట్టొద్దు. మీ డిశ్చార్జి కాగితం జిరాక్స్ తీయించి, పేరు కొట్టేసి, మన పత్రిక చిరునామాకు పంపండి. మీకు ఏమేం తీశారో చదివి నేనే రాస్తాను.